కర్తృస్వాతంత్ర్యము – కావ్యనీతి : రాధికాసాంత్వన వృత్తాంతముపై ఒక పరామర్శ

విజయవాడనుండి హైదరాబాదు పోవు జాతీయ రహదారిపై కంచికచర్ల దాటిన పిమ్మట, నందిగామ చేరకముందే, కీసర వద్ద మునేరు తగులును. ఈ ప్రాంతము 2022 వరకు కృష్ణా జిల్లాలోని మెట్ట సీమ, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. ఏటి ఒడ్డున కాపురమున్నవారికి గట్టునకును అడ్డుకట్టకును గల భేదము ఒకరు చెప్పనక్కరలేదు. గట్టు ఏరు తాను ఒరసికొని తానే ఏర్పరచుకొన్న హద్దు. అడ్డుకట్ట ఇతరులు తమ అవసరముకొరకు వేసినది. 2023 జూలైలో మునేరు పొంగి, నందిగామ సమీపమున ఐతవరము వద్ద రహదారిపై ప్రవహించి రాకపోకలను నిలిపివేసినది. అట్టి సమయములందు హద్దు ఏల కావలెనో ఎవరును ప్రశ్నింపరు. అది ఎట్టి హద్దు కావలెననుటయే ప్రశ్న.

కావ్యమునకును నీతికిని గల సంబంధమును విచారించు సందర్భమునను ఈ ప్రశ్నయే మిగులుచున్నది. నీతి కవికి గట్టా, లేక అడ్డుకట్టయా? అనగా కవియొక్క స్వాతంత్ర్యమునుండి పుట్టునదా, లేక దానిని నిరోధించుటకు పైనుండి వచ్చునదా? ఈ విషయమున రెండు పక్షములు ప్రబలముగా వినబడుచున్నవి. స్వేచ్ఛ పెరిగినకొలది నీతి తరుగునుగాన కవికి శాసనము అవసరమని మొదటి పక్షము. సృష్టికర్త నీతికి అతీతుడు, అతనిని ప్రశ్నించుటయే అపరాధమని రెండవ పక్షము. పరస్పర విరుద్ధములుగా తోచినను ఈ రెండింటికిని ఆధారమైన భ్రాంతి ఒక్కటే. స్వాతంత్ర్యమును, నీతియు ఒకదానికొకటి శత్రువులని ఉభయులును తలచుచున్నారు.

రెండవ పక్షమువారికి ‘కవులు నిరంకుశులు’ అను లోకోక్తి పెద్ద ఆధారము. కాని వ్యాఖ్యాతలు ఈ మాటను ప్రాయికముగా ప్రయోగసాధుత్వ విషయమున ఎత్తుకొందురు. లక్షణమునకు లొంగని రూపమును మహాకవి వాడినప్పుడు, దానిని సమర్థించుటకు వేరు దారి లేనిచో, ఈ మాటతో సరిపెట్టుదురు. వ్యాకరణవిషయమున ఇచ్చిన ఈ సడలింపును శీలవిషయమునకు సాగదీయుట న్యాయము కాదు.

మొదటి పక్షమువారికి సమాధానము వ్యాకరణమునందే కలదు. పాణిని కారకములను విభజించుచు, క్రియయందు స్వతంత్రముగా వివక్షింపబడినదానికి కర్తృసంజ్ఞ చేసెను. ఇది వ్యాకరణసంజ్ఞయే అయినను, ధర్మవిచారమునకు సైతము ఇందొక వెలుగు కలదు. కొడవలి కోసెనని అనవచ్చును గాని, పుణ్యపాపములు కొడవలికి అంటవు. విధినిషేధములు చేయుటకును, చేయకుండుటకును శక్తి గలవానిని ఉద్దేశించియే ప్రవర్తించును. కట్టివేయబడినవానితో ‘దొంగిలింపకుము’ అనుట వ్యర్థము. అతడు దొంగిలింపకుండుట అతని నీతికి గుర్తు కానేరదు. కావున స్వాతంత్ర్యము లేనిచోట సృజనమే కాదు, నీతియు లేదు. స్వాతంత్ర్యము ఉన్నచోట బాధ్యతయు తప్పదు. చేసినవాడు చేసినదానికి తన పేరు పెట్టి నిలువవలెను.

కీసరకు ఎగువన, నందిగామకు ఆవల, ఇదే రహదారికి చేరువనున్న జగ్గయ్యపేటలో దీనికి శిలారూపమైన నిదర్శనమున్నది. పూర్వము బేతవోలుగా ఉన్న ఆ ఊరికి వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర జగ్గయ్యపేట యని నామకరణము చేసెను. అచటి ధనబోడు అను గుట్టపై గల బౌద్ధస్తూపమును 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించెను. అందు దొరికిన ప్రాకృతశాసనము ఇక్ష్వాకువంశీయుడైన మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షమునాటిది. సిద్ధార్థుడను ‘ఆవేసని’, అనగా శిల్పకర్మశాలకు చెందినవాడు, వేలగిరి మహాచైత్యమునకు 5 ఆయక స్తంభములను దానము చేసెనని దాని సారాంశము. ఆవేశనమనగా శిల్పిశాల యని అమరకోశము చెప్పుచున్నది. సిద్ధార్థుడు తన తండ్రి నాకచందుని, తల్లిని, భార్యను, బిడ్డలను ఆ శాసనమున స్మరించుకొనెను. ఇట దాత రాజు కాడు, శ్రేష్ఠియు కాడు, చేతిపనివాడు. ఆ దానము సర్వసత్త్వముల హితముకొరకని చెప్పబడుట మరింత గమనింపదగినది. సృజనశక్తియు, స్వతంత్రబుద్ధియు, ధర్మమును ఒక్క వ్యక్తియందు కలిసియుండుటకు పదునేడు శతాబ్దములనాటి ఆ రాతియే సాక్ష్యము.

అదే స్తూపమున దొరికినది, సిద్ధార్థుని కాలమునకు పూర్వపుదగు చక్రవర్తి ఫలకము నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది. దీనిని విద్వాంసులు మాంధాతృకథతో అన్వయింతురు. చక్రవర్తి చేయి ఎత్తి నిలిచియుండును. పైనుండి ధనవృష్టి కురియుచుండును. చుట్టును స్త్రీరత్నము, గజము, అశ్వము మొదలగు సప్తరత్నములు. బౌద్ధకథలో మాంధాత భూలోకభోగములతో తనివినొందక స్వర్గమున కేగి, ఇంద్రునితో అర్ధాసనము పొంది, అదియును చాలక మొత్తము కోరి పతనమగును. కాని శిల్పి ఆ ఫలకమున పతనమును చెక్కలేదు, వైభవమునే చెక్కెను. కథ తెలియనివానికి అది భోగస్తుతి. తెలిసినవానికి అదే వైరాగ్యబోధ. ఆ బోధ వాచ్యము కాదు, వ్యంగ్యము. శిల్పి చూచువాని బుద్ధిని నమ్మెను. ఒక నీతిరక్షకుడు వచ్చి, ఈ ఫలకము ఆశను రెచ్చగొట్టుచున్నదని పగులగొట్టించియుండినచో, నష్టపోయెడిది భోగము కాదు, బోధయే.

మన అలంకారశాస్త్రము ఈ ప్రశ్నను ఎన్నడో ఎదుర్కొన్నది. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు కావ్యముపై మూడు ఆక్షేపములను తానే ఉపన్యసించెను. కావ్యము అసత్యమును చెప్పును, చెడును ఉపదేశించును, అసభ్యమును పలుకును, కావున ఉపదేశింపదగినది కాదని పూర్వపక్షము. అతని సమాధానము శాస్త్రీయమైనది. అట్టి మాటలు వేదశాస్త్రములందును కలవు. చెడు వర్ణింపబడినంతమాత్రమున విధేయము కాదు, నిషేధ్యముగా చూపబడి యుండవచ్చును. ప్రకరణవశమున చెప్పవలసినది చెప్పవలసియే యుండును. వర్ణనకును విధికిని గల భేదమును ఎరుగనివాడు కావ్యవిచారమునకు అధికారి కాడని దీని తాత్పర్యము.

ఆనందవర్ధనుని మార్గము మరింత సూక్ష్మము. అనౌచిత్యమునకు మించిన రసభంగకారణము లేదని అతని సిద్ధాంతము. ఉత్తమదేవతల సంభోగమును వర్ణించుట తల్లిదండ్రుల సంభోగమును వర్ణించుటవలె అసభ్యమని అతడు నిష్కర్షగా చెప్పెను. కాళిదాసు కుమారసంభవమున ఆ పనియే చేసెననియు, కవిశక్తిచే ఆ దోషము కప్పబడి గ్రామ్యముగా తోపకున్నదనియు కూడ అతడే చెప్పెను. దోషమును దాచలేదు, కవిని వెలివేయలేదు. ఆ శ్లోకములను తీసివేయుడని అతడు చెప్పినట్లు ఎచటను కానరాదు. మన తెలుగునాటివాడగు కొలచలము మల్లినాథసూరి అష్టమసర్గకును వ్యాఖ్య రచించెను. దోషమును దోషమని పలుకుట విమర్శ. గ్రంథమును నరికివేయుట విమర్శ కాదు. ఈ రెంటికిని గల భేదము మరచినప్పుడు ఏమి జరుగునో చూపుటకు రాధికాసాంత్వన వృత్తాంతము చాలును.

తంజావూరు పాలకుడు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమునకు చెందిన ముద్దుపళని 4 ఆశ్వాసములలో, 584 పద్యములతో ఈ శృంగారప్రబంధమును రచించెను. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునకు వివాహము చేసి, పిమ్మట విరహేర్ష్యలతో కుందగా, కృష్ణుడు ఆమెను ఊరడించుట కథ. ముద్దుపళని వేశ్యాకులమున జన్మించినది. ఆ సంగతిని ఆమె దాచుకొనక, తంజనాయకి మొదలుగా తనవారిని పీఠికలో సగౌరవముగా పేర్కొనెను. ఇతర కవులవలె తన విద్వత్తును, తాను పొందిన మన్ననలను చెప్పికొనెను. తిరుప్పావైని తెనిగింపబూనిన భక్తురాలును ఆమెయే.

1887లో పైడిపాటి వేంకటనరసుగారు ఈ కావ్యమును ముద్రింపించిరి. ఆ ముద్రణలో పీఠికయు, కొన్ని పద్యములును లోపించినవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున ముద్దుపళని సంస్కృతాంధ్రపాండిత్యమును, శైలీమాధుర్యమును ఒప్పుకొనుచునే, గ్రంథమున పెక్కు భాగములు స్త్రీలు వినదగినవి కావనియు, స్త్రీ నోట రాదగినవి అసలే కావనియు ఆక్షేపించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు ఒక వ్రాతప్రతిని సంపాదించి, ముద్రితప్రతితో పోల్చి, లోపించిన భాగములను పూరించి 1910లో వావిళ్ళవారి ద్వారా ప్రకటించిరి. 1911లో ఆంగ్లప్రభుత్వము గ్రంథమును అశ్లీలమని నిషేధించి ప్రతులను స్వాధీనము చేసికొనెను. ఆ నిషేధము టంగుటూరి ప్రకాశము పంతులుగారి చొరవతో 1947లో తొలగగా, 1952లో వావిళ్ళవారు మరల ముద్రించిరి. ఒక తెలుగుకావ్యము తెలుగువారికి సక్రమముగా అందకుండ 36 సంవత్సరములు గడచినవి.

ఇందు వీరేశలింగము పంతులుగారి ఉద్దేశమును శంకించుట తగదు. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించి, ఎన్ని కష్టములైన ఓర్చుకొన్న మహనీయుడాయన. వేశ్యావ్యవస్థను నిర్మూలింపబూనినవానికి ఆ వ్యవస్థనుండి వచ్చిన శృంగారకావ్యము అసహ్యముగా తోచుట సహజము. కాని నాగరత్నమ్మగారు వేసిన ప్రశ్నకు మాత్రము నేటికిని సమాధానము లేదు. అసభ్యత స్త్రీలు వ్రాసినప్పుడే అసభ్యతయా? పంతులుగారే పరిశీలించి ముద్రణకు అంగీకరించిన వైజయంతీవిలాసమున అట్టి వర్ణనలు లేవా? ఈ ప్రశ్న కోపముతో వేసినది కాదు, న్యాయశాస్త్రరీత్యా వేసినది. హేతువు పక్షమునందును, విపక్షమునందును సమానముగా ఉన్నచో అది అనైకాంతికమగును, సాధ్యమును సాధింపజాలదు. శృంగారవర్ణన యనుటయే హేతువైనచో ప్రబంధవాఙ్మయమున పెక్కుభాగము నిషేధ్యము కావలెను. అది కానప్పుడు నిజమైన హేతువు వర్ణన కాదు, వర్ణించిన వ్యక్తియే యని తేలుచున్నది. వాసనాసంస్కారము ఆత్మకు సంబంధించినది, అది స్త్రీపురుషభేదమును అపేక్షింపదని రాజశేఖరుడు వేయియేండ్లకు పూర్వమే చెప్పియుండగా, ఆ వెలుగు 1910లో మనకు అక్కరకు రాలేదు.

గ్రంథపరీక్ష జరిగిన తీరును విచారింపదగినదే. ప్రభుత్వమువారు పద్యములను విడదీసి, ఆంగ్లమున అనువదింపజేసి, ఆ ముక్కలనుబట్టి నిర్ణయించిరి. నాడు ఆంగ్లన్యాయస్థానములలో చెల్లుబాటైన 1868నాటి హిక్లిన్ సూత్రమును చెడుప్రభావమునకు లోనగు మనస్సులపై గ్రంథము ఎట్లు పనిచేయుననియే చూచెడిది. అనగా దుర్బలుడైన పాఠకుడే ప్రమాణము. మన శాస్త్రమున సహృదయుడు ప్రమాణము. గ్రంథతాత్పర్యమును నిర్ణయించుటకు ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి అను లింగములను మన పెద్దలు ఏర్పరచిరి. ఈ తూనికతో తూచినచో రాధికాసాంత్వనము తన పేరు చెప్పునదే అగును. అవమానింపబడితినని తలచిన స్త్రీని భగవంతుడంతటివాడు దిగివచ్చి బ్రతిమాలుట దాని ప్రధానార్థము. ఇది అందరికి రుచింపవలెనను నియమము లేదు. కొన్ని పద్యములు ఆనందవర్ధనుడు చెప్పిన అనౌచిత్యమునకు లోనైనవని చెప్పు విమర్శకునికి ఆ హక్కు పూర్ణముగా కలదు. విమర్శకుడును స్వతంత్రుడైన కర్తయే. కాని చదివి తప్పుపట్టుట వేరు, చదువనీయకుండుట వేరు.

ఇట ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. ఈ వృత్తాంతమున నిజమైన నీతిభంగము ఎచట జరిగినది? కావ్యమున కాదు, కావ్యమును కత్తిరించుటయందు. శృంగారపద్యమును తొలగించుటకు నీతి పేరు చెప్పవచ్చును. పీఠికను తొలగించుటకు ఏ నీతి కారణము? అందున్నది ఒక స్త్రీ తన పెద్దల పేర్లను, తన విద్యను చెప్పికొన్న భాగము. దానితో కృతికర్త్రి తన పేరుతో నిలుచు అధికారమే పోయినది. పనివాడైన సిద్ధార్థుని పేరు, అతని తల్లి పేరు రాతిమీద ఇన్ని శతాబ్దములు నిలిచియుండగా, అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట ఒక కవయిత్రి వంశకథ మాయమైనది. తీసివేసితిమని చెప్పకుండ తీసివేయుట పాఠకుని వంచించుటయు అగును. రాజశేఖరుడు శబ్దార్థహరణములను అధ్యాయములుగా విచారించెను. ఉన్నదానిని లేనట్లు చూపుటయు హరణమున ఒక భేదముగా ఎంచదగును.

‘లేతవయస్సు విద్యార్థుల మాటయేమి?’ అని అధ్యాపకులు అడుగుట సమంజసమే. దీనికి సమాధానము అధికారిభేదమను పాత సూత్రమే. ఏ శాస్త్రమునకైనను అధికారి, విషయము, ప్రయోజనము, సంబంధము అను అనుబంధచతుష్టయము చెప్పుట మన సంప్రదాయము. పాఠశాలలలో కుమారసంభవమును ఏడవ సర్గతో నిలుపు వాడుక కలదు. అది గురువు తన శిష్యుని చూచి తీసికొను నిర్ణయము. శిష్యుడు పెరిగినప్పుడు ఎనిమిదవ సర్గ మల్లినాథుని వ్యాఖ్యతోకూడ అతనికొరకు వేచియుండును. పాఠమును వాయిదా వేయుట గట్టు. గ్రంథమునుండి తుడిచివేయుట అడ్డుకట్ట. మొదటిదానిలో గురువు శిష్యుని ఎరుగును, తన నిర్ణయమునకు తానే జవాబుదారి. రెండవదానిలో ఎవరో ఎరుగనివారు, ఎన్నడో పుట్టబోవువారికిని కలిపి నిర్ణయించుచున్నారు.

స్వేచ్ఛను కోరినవారు నీతిని వదలుదురను భయమునకు నాగరత్నమ్మగారి జీవితమే సమాధానము. వేశ్యాకులమున పుట్టినదని నిందలు పడి, అశ్లీలగ్రంథప్రకాశకురాలని అభియోగము మోసిన ఆమె తన ఆస్తిని తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధిమందిరమునకు ధారపోసెను. 1921లో పునాది వేయించి, 1925లో కుంభాభిషేకము జరిపించెను. ఆరాధనలో స్త్రీలు పాడరాదను కట్టడిని ఎదిరించి, వారికి స్థానము కల్పించెను. 1952లో దేహము చాలించి, స్వామి సమాధికి ఎదురుగనే విశ్రమించెను. ముద్దుపళని పద్యములను కాపాడిన చేతులే త్యాగయ్య సమాధిని కట్టినవి. ఆమెకు ఈ రెండును భిన్నధర్మములుగా తోచలేదు. ఎవరి సృష్టి వారి పేరుతో, చెక్కుచెదరక నిలువవలెనను ఒక్క నిష్ఠయే ఆ రెండు పనులను చేయించినది.

ఈ విచారము గడచిన కథకు మాత్రమే పరిమితము కాదు. శాసనము కొంత మారినది. సాహిత్యము, కళ, శాస్త్రము, విద్య అను ప్రయోజనములుగల గ్రంథములకు 1969లో భారతశిక్షాస్మృతి 292వ విభాగమున మినహాయింపు చేర్చబడినది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 294వ విభాగమునను అది నిలిచియున్నది. 2014లో సర్వోన్నతన్యాయస్థానము హిక్లిన్ సూత్రమును విడిచి, సమకాలిక సమాజప్రమాణముతో, సందర్భముననుసరించి చూడవలెనని నిర్ణయించినది. ఈ విధముగా న్యాయస్థానము మన పెద్దలు చెప్పిన ప్రకరణదృష్టికి చేరువైనది. కాని పండితుల చేతిలోని కత్తెర ఏ శాసనమునకును లోబడినది కాదు. వ్రాతప్రతిని ఎత్తివ్రాయునప్పుడు, పరిష్కరించునప్పుడు, పాఠ్యభాగమును ఎంచునప్పుడు దానిని వాడుటయో మానుటయో వారి స్వాతంత్ర్యము. కావుననే అది వారి నీతికి పరీక్ష.

ప్రాచ్యకళాశాలలు పాటింపదగిన నియమములు మూడు కలవు. పరిష్కర్త తనకు నచ్చని పద్యమునైనను మూలమునుండి తొలగింపరాదు. అనౌచిత్యము తోచినచో పీఠికలో ధైర్యముగా చెప్పవలెను. పాఠ్యగ్రంథమునకై సంక్షేపించినచో, సంక్షేపించితినని ముఖపత్రముననే ప్రకటించి, విడిచిన పద్యముల సంఖ్యలను తెలుపవలెను. పరుల పాఠనిర్ణయమునుగాని, వ్రాతప్రతినిగాని ఉపయోగించుకొన్నప్పుడు, వారు స్త్రీయైనను పురుషుడైనను, పండితుడైనను లేఖకుడైనను, పేరు చెప్పవలెను. ఈ మూడును ఎవరును బలవంతముగా చేయింపజాలనివి. చేయకున్నచో దండించు రక్షకభటుడును లేడు. అందుచేతనే ఇవి నీతి యనబడుటకు అర్హములు.

కవి స్వతంత్రుడు, కాన తన కృతికి బాధ్యుడు. పాఠకుడు స్వతంత్రుడు, కాన తన తీర్పునకు బాధ్యుడు. పరిష్కర్తయు అంతే. ఈ ముగ్గురిలో ఒకరి స్వాతంత్ర్యమును హరించి, తక్కిన ఇద్దరి నీతిని కాపాడుట పొసగదు. కీసర వద్ద మునేటిని నిలిపి ఉంచునది దాని గట్టు. ఆ గట్టును కోసివేసినవారు వరదను నిందించుట తగదు, వరదకు వెరచి ఏటినే పూడ్చుటయు తగదు.